మాస్టారి చేతులు

ఆగస్టు పన్నెండు, మంగళవారం. ఆ పొద్దున ఇమ్మానుయేల్ మాస్టారు తిన్నది సగం పెసరట్టు. మిగతా సగం పళ్ళెంలోనే చల్లారిపోయింది. అట్టు బాగాలేక కాదు. అల్లం పచ్చడి కూడా ఆ రోజు చక్కగా కుదిరింది. భార్య కరుణమ్మ పోయిన తరవాత ఆయన చేతిలో పచ్చడి కుదరడం అరుదు గనక ఆ సంగతి ఆయనకు బాగా గుర్తు. ముద్ద దిగకపోవడానికి కారణం వేరే ఉంది. కాసేపట్లో నకరికల్లు రోడ్డులో ఉన్న నూలు మిల్లుకి వెళ్ళి ఆయన పాఠం చెప్పాలి.

నరసరావుపేట కాలేజీలో జీవితమంతా కామర్సు చెప్పి రిటైరైన మనిషికి పాఠమంటే భయమేమిటని అడగవచ్చు. కాలేజీలో పాఠం చెడితే చెడేది ఆ పూట మాత్రమే. ఇక్కడ చెడితే తేజస్వి ఉద్యోగం పోతుంది.

తేజస్వి ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. మిల్లులో సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరుగా చేరింది గానీ ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ మిల్లు నూలు కొనే పెద్ద కంపెనీ, కార్మికులకు భద్రత మీద శిక్షణ ఇప్పిస్తేనే ఆర్డరు ఇస్తామంది. శిక్షణ ఎట్లా జరుగుతోందో చూడడానికి ఆ రోజే ఒకావిడను పంపుతోంది. ఆవిడ మెచ్చుకుంటే నీ ఉద్యోగం ఖాయం, లేదంటే నీ దారి నువ్వు చూసుకో అని మిల్లు యజమాని త్రికోటేశ్వరరావు తేజస్వికి ముఖం మీదే చెప్పాడు. ఆమె దారి ఏదో ఆమెకు తెలుసు. గురజాల వెళ్ళి మేనమామ ఎరువుల కొట్లో కూర్చోవడం. శిక్షణ ఎవరిస్తారని యజమాని అడిగినప్పుడు ఆమె నోట వచ్చిన ఒకే ఒక పేరు ఇమ్మానుయేల్ మాస్టారిది.

ఆ పిల్ల ఒక మాట ముందే అంది. "సార్, పాఠం తయారుచేసే ముందు ఒకసారి వచ్చి చూసిపోండి. మీ కాలేజీ పిల్లల్లాగా ఉండరు వీళ్ళు." ఆ మాట రెండుసార్లు అంది. మాస్టారు నవ్వి, మనుషులు ఎక్కడైనా మనుషులేనమ్మా అన్నారు. మిల్లులో దూది నుసి పడదని కొంత, కంప్యూటరులో స్లైడ్లు పూర్తికాలేదని కొంత, ఆయన వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని "భద్రతా సంస్కృతి: భావన, పరిణామం, ప్రాముఖ్యం" అనే పాఠాన్ని, ఎవరికి చెబుతున్నారో తెలియకుండానే, ఎంతో శ్రద్ధగా తయారుచేశారు.

ఇప్పుడు వసారాలో నిలబడి ఆ పాఠాన్ని మనసులో తిప్పుకుంటుంటే చెమట పట్టి కళ్ళజోడు జారింది. అలవాటుగా రెండు వేళ్ళతో పైకి జరిపారు. ఎదురింటి గుమ్మంలో తోటకూర వలుస్తున్న జైనాబ్ బీ లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి గ్లాసుడు టీ తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది. కరుణమ్మ పోయిన దగ్గర్నుంచీ, ఏడాదిగా, రోజూ ఇదే వరస. జైనాబ్ బీ వయసులో ఉండగా ఏదో మిల్లులో పనిచేసి చెవులు పోగొట్టుకుందని చెప్పుకునేవారు. మాటా పలుకూ తక్కువే. కానీ పొద్దున ఆయన వసారాలోకి రావడం, ఆమె టీ తేవడం ఒక్కనాడూ తప్పలేదు. అడగకుండా ఆకలి తెలుసుకునే మనుషులు ఇంకా ఉన్నారని మాస్టారు ఆ టీ తాగుతూ రోజూ అనుకునేవారు. ఆ రోజు కూడా అదే అనుకుని, కాస్త ధైర్యం తెచ్చుకుని ఆటో ఎక్కారు.

గేటు దగ్గర తేజస్వి ఎదురొచ్చింది. భయం లేదు సార్ అంది గానీ చున్నీ కొసని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుడుతోంది.

శిక్షణ గది అన్నది నిజానికి పాత సూపర్‌వైజరు గది. యంత్రాల హాలుకి ఆనుకుని, మెట్లెక్కి వెళ్ళేంత ఎత్తులో ఉంది. హాలు వైపు గోడంతా అద్దమే. సూపర్‌వైజరు ఆ అద్దం వెనక నిలబడే ఏళ్ళ తరబడి మిల్లంతా నడిపాడని, ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉందని తేజస్వి చెప్పింది. అద్దం వెనక నిలబడి మిల్లు ఎట్లా నడుపుతారని మాస్టారు అడగలేదు. ఆయన ధ్యాసంతా ప్రొజెక్టరు మీద ఉంది.

హాల్లోంచి వచ్చే హోరు, రేకుల కప్పు మీద వడగళ్ళు ఆగకుండా పడుతున్నట్టుగా ఉంది. గదిలో కార్మికులు అద్దానికి వీపులు పెట్టి కూర్చున్నారు. మాస్టారు వాళ్ళకి ఎదురుగా, అంటే అద్దానికీ ఎదురుగా, ట్యూబులైటు కింద నిలబడ్డారు. ముందు వరసలో కాంతమ్మ, ఆ పక్కన ఝాన్సీ. ఇద్దరూ దారాలు అతికే పనిలో తలపండినవాళ్ళు. కింద హాల్లో ఆ షిఫ్టు నడుపుతున్నది పెద్ద మేస్త్రీ ఇమాం సాహెబ్. పొద్దున్నే యజమాని అందరినీ పోగేసి, పైగదిలోకి కొత్త సారొస్తాడు, ఆయన చెప్పినట్టు చెయ్యండి, ఎదురు ప్రశ్నలెయ్యొద్దు అని చెప్పి, ఏసీ గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ కొత్త సారు పాఠం చెప్పడానికి వస్తున్నాడన్న సంగతి చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

మాస్టారి గొంతు మెత్తన. చేతులు మాత్రం మెత్తన కావు. మాట ఒక అడుగు వేస్తే చెయ్యి రెండడుగులు వేస్తుంది. మీ చేతులు కట్టేస్తే మీకు మాట రాదని కరుణమ్మ పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టింది. చర్చిలో కూర్చున్నప్పుడు ఆయన కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని పట్టుకునేది. చూసేవాళ్ళు ప్రేమ అనుకునేవారు. ప్రేమే గానీ, ముందు వరసవాళ్ళ క్షేమం కూడా అందులో ఉండేది.

"భద్రత అనగా ఒక మానసిక స్థితి" అని మొదలుపెట్టారు. ఎవరి ముఖంలోనూ కదలిక లేదు. చెమట పట్టింది. కళ్ళజోడు పైకి జరిపారు. ఒక వాక్యం అయ్యేసరికి క్యాంటీన్ జక్కయ్య టీ కప్పుల పళ్ళెంతో మెట్లెక్కి వచ్చాడు. ఎంత మర్యాద తెలిసిన మిల్లు అని మాస్టారు సంతోషించారు. టీలు అయ్యాయి. రెండో స్లైడు వేశారు. కళ్ళజోడు జారింది, జరిపారు. జక్కయ్య మళ్ళీ వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు అతని ముఖంలో మర్యాద కొంచెం తగ్గింది. నాలుగోసారి పళ్ళెం టేబులు మీద పెట్టి, "ఇంక పాలు లేవు సారూ" అని నేలకేసి చూస్తూ చెప్పి పోయాడు. వచ్చే అతిథికి టీ ఎట్లా అని తేజస్వి ముఖంలో రంగు తగ్గింది.

ఆ కంగారులో మాస్టారు తరవాతి మాట మరిచిపోయారు. మరిచిపోయినప్పుడు చెవి తమ్మె పట్టుకుని లాక్కోవడం ఆయనకు చిన్ననాటి అలవాటు. తమ్మె వదిలేలోగా, ఫిట్టరు అక్రం పనిముట్ల సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆలస్యంగా వచ్చిన విద్యార్థి అనుకున్నారు మాస్టారు. పర్వాలేదు, కూర్చో నాయనా అన్నట్టు వెనక బెంచీ చూపించారు. అక్రం కూర్చున్నాడు. సంచీలోంచి పెద్ద పానా తీసి ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ బాగుచెయ్యాలో చెప్పమన్నట్టు కళ్ళార్పకుండా ఆయన్నే చూశాడు. ఒళ్ళో పానాతో రెప్ప వెయ్యని మనిషి ఎదురుగా ఉండగా భద్రత గురించి మాట్లాడడం ఏ ఉపాధ్యాయుడికైనా కష్టమే.

పాఠం ఎవరికీ ఎక్కడం లేదు. అయితే విచిత్రం, ఒక్కరూ చూపు తిప్పడం లేదు. ఆయన చెయ్యి ఎటు పోతే అందరి కళ్ళూ అటు పోతున్నాయి. కాలేజీలో ఇంత శ్రద్ధ ఆయన ఎన్నడూ ఎరగరు. వీళ్ళు నన్ను చూసి బెదిరిపోయారు పాపం అనుకుని, వాళ్ళ బెదురు తీర్చడానికి రెండు అరచేతులూ కిందికి తిప్పి గాలిని మెల్లగా అదిమారు. నెమ్మది, నెమ్మది, కంగారు పడకండి అని.

హోరు తగ్గింది.

దేవుడు ఆలకించాడనుకున్నారు. ఇప్పుడు ఆయన గొంతు ఆయనకే వినపడుతోంది. ఉత్సాహం వచ్చి, మనసు నిమ్మళంగా ఉంచుకుంటే ప్రమాదాలు దరిచేరవు అంటూ ఇంకొంచెం అదిమారు. హోరు ఇంకొంచెం తగ్గింది. మూడోసారి అదిమేసరికి, అద్దం అవతల ఇమాం సాహెబ్ గడ్డం నిమురుకుంటూ కాసేపు పైకి చూసి, పెద్దాయన చెప్పాక తప్పుతుందా అన్నట్టు తలాడించి, మిగిలిన యంత్రాలు కూడా ఆపించాడు. మిల్లంతా సద్దుమణిగింది. ఎక్కడో ఫ్యాను రెక్క కిర్రుమనడం వినపడింది.

మిల్లు యజమానికి చప్పుడులో నిద్రపడుతుంది, నిశ్శబ్దానికి మెలకువ వస్తుంది. త్రికోటేశ్వరరావు ఏసీ గదిలోంచి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. మెట్లెక్కి గుమ్మంలో నిలబడేసరికి ఊపిరాడడం లేదు.

"ఎవురాపారు మిల్లు? ఏందమ్మా తేజస్వీ, ఎవుర్ని తీసుకొచ్చావు? పాఠం చెప్పమంటే పని ఆపించాడేంది ఈయన?"

తేజస్వి కళ్ళలో నీళ్ళు తిరగడం మాస్టారు చూశారు. అంతే, ఆయనకు వేరే సంగతి తోచలేదు. అయ్యా, ఆ పిల్ల తప్పేం లేదు, నాకేమీ తెలియదు, దేవుడి తోడు అని చెప్పబోయారు. మాటకన్నా ముందే చేతులు రెండూ తలపైకి లేచి, పది వేళ్ళూ విచ్చుకుని గాలిలో ఆడాయి.

గది మొత్తం ఒక్క మనిషిలా లేచి నిలబడింది.

ఎవరూ అరవలేదు, తోసుకోలేదు. ఝాన్సీ ముందు నడిచింది. ఆమె భుజం మీద వెనకామె చెయ్యి, ఆ వెనకామె భుజం మీద మరొకామె చెయ్యి. ఆడవాళ్ళ వరస దిగిపోయింది, తరవాత మగవాళ్ళ వరస. అద్దం అవతల హాలు కూడా అదే తీరులో ఖాళీ అవుతోంది. ఇమాం సాహెబ్ మెయిన్ స్విచ్చి దించి, వరసల మధ్య ఒకసారి వంగి చూసుకుని, అందరికన్నా చివర బయలుదేరాడు. ఏమిటి, ఎక్కడికి అని అడుగుతున్న యజమానిని అక్రం, ఒక చేత్తో పానా పట్టుకుని, రెండో చేత్తో రెక్క పుచ్చుకుని గౌరవంగా ఈడ్చుకుపోయాడు. కాంతమ్మ మాస్టారి మణికట్టు దొరకపుచ్చుకుంది. "నడువు సారూ, తర్వాత చూసుకుందువులే నీ కంప్యూటరు" అంది.

గేటు పక్కన వేపచెట్టు కింద అందరూ వరసల్లో నిలబడ్డారు. ఎవరి వరసలో ఎవరు రాలేదో వాళ్ళే చూసుకున్నారు. అప్పుడు ఇమాం సాహెబ్ మాస్టారి ముందుకొచ్చి, అవసరానికన్నా గట్టిగా అడిగాడు.

"నిప్పు యాడ సారూ?"

"నిప్పేమిటండీ?" అన్నారు మాస్టారు.

అందరూ ఆయన వంక చూశారు. త్రికోటేశ్వరరావు అక్రం చేతిలోంచి రెక్క విడిపించుకుని, తేజస్వి వైపు తిరిగి, వేలు చూపించి నోరు తెరిచాడు. ఆ నోట్లో గురజాల బస్సు సిద్ధంగా ఉన్నట్టు మాస్టారికి కనబడింది. సరిగ్గా అప్పుడే గేటు బయట కారు తలుపు పడిన చప్పుడైంది.

కారు దిగినావిడ పేరు నీరజ. ఎప్పుడు వచ్చి నిలబడిందో, ఎంతసేపటి నుంచి కారులోంచి చూస్తోందో తెలియదు. వరసల్ని చూసింది, ఖాళీ మిల్లుని చూసింది.

"నేను వచ్చాక ఫైర్ డ్రిల్లు మొదలుపెడతారనుకున్నాను. చెప్పకుండా చేసేశారే" అంది. "సైరన్ కూడా మోగలేదు. మరి వీళ్ళకి ఎట్లా తెలిసింది?"

త్రికోటేశ్వరరావు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. లోపల ఉన్న మాట ఒకటి, బయటికి వచ్చిన మాట ఒకటి. "మా సారుగారండీ. నేనే ప్రత్యేకంగా పిలిపించా."

నీరజ మాస్టారి దగ్గరికొచ్చింది. తను తిరిగిన మిల్లులన్నిటిలోనూ సైరన్ మోగుతుందట, ఎవరూ కదలరట. యంత్రాల మధ్య బతికిన చెవులకి సైరన్ వినపడదన్న సంగతి శిక్షణ ఇచ్చేవాళ్ళెవరూ పట్టించుకోరట. వాళ్ళు స్లైడ్లు వేసి చదివేసి పోతారని చెప్పింది. మాస్టారు స్లైడ్ల మాట వినగానే తల దించుకున్నారు.

"మీరు మాత్రం వీళ్ళు ఎట్లాంటివాళ్ళో ముందే తెలుసుకుని, వీళ్ళకి అర్థమయ్యే భాషలోనే చెప్పారు. ఎన్నాళ్ళు పట్టింది?"

మాస్టారికి అబద్ధం చేతకాదు. నిజం చెబితే తేజస్వి ఏమవుతుందో తెలుసు. చెమట పట్టింది, కళ్ళజోడు జారింది, చెయ్యి లేవబోయింది. కాంతమ్మ ఆ చేతిని, దానితోపాటు రెండోదాన్ని కూడా, తన రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుంది. పెద్దాయన చేతులు వణుకుతన్నయ్ మేడం అంది, ఎంతో జాలిగా. అట్లా చేతులు పట్టుకునే మనిషి లేక చాలా కాలమైంది. మాస్టారికి ఎందుకో గుండె కుదుటపడింది.

"నేను చెప్పిందేమీ లేదమ్మా. వాళ్ళే విన్నారు" అన్నారు.

అది నిజమే గనక తడబడకుండా వచ్చింది. నీరజ అది పెద్దమనిషి వినయమనుకుని నమస్కారం పెట్టింది. ఇంత మంచి ఆఫీసరు ఎవరని అడిగి తేజస్వితో చేతులు కలిపింది. త్రికోటేశ్వరరావు ఆ అమ్మాయి మా మిల్లుకి కుడిభుజమని, వచ్చే నెల నుంచి పర్మినెంటని, అప్పటికప్పుడు అందరి ముందూ ప్రకటించాడు. ఆ సంతోషంలో మేడంకి టీ తెమ్మన్నాడు. పాలన్నీ సారే తాగించారని జక్కయ్య అక్కడే చెప్పేశాడు.

కారు వెళ్ళాక, మిల్లు మళ్ళీ హోరెత్తాక, వేపచెట్టు కింద కాంతమ్మ మాస్టారికి పాఠం చెప్పింది. ఆయన బుద్ధిగా విన్నారు. ఆ హోరులో మాట వినపడదు గనక మిల్లులో పనంతా సైగలతోనే. అరచేతులు అదిమితే వేగం తగ్గించమని. చెవి లాగితే ఫిట్టరుని పిలవమని. చేతులెత్తి వేళ్ళాడిస్తే నిప్పు, వరసకట్టి బయటికి నడవమని. దూది గోడౌను అంటుకున్న ఏడాది నుంచీ నేర్చుకున్న పద్ధతి అది. రెండు వేళ్ళు కంటి దగ్గరికి పోతే టీ.

"మరి ఎవరైనా ఒక మాట అడగొచ్చు కదమ్మా?"

"ఏం అడుగుతాం? కిందోళ్ళేమో కొత్త సూపరైజరనుకున్నారు. మేమేమో, క్లాసు చెప్తానే మిల్లు కూడా నడుపుతన్నాడే, చానా గట్టోడే అనుకున్నాం. టీల దగ్గర మాత్రం కాస్త అనుమానమొచ్చింది, ఇంత తాగుతాడేంది ఈయన అని."

మాస్టారు చాలా రోజుల తరవాత పైకి వినపడేట్టు నవ్వారు. వచ్చేవారం ముందు హాల్లోనే కూర్చుంటాను, పాఠం సంగతి ఆ తరవాత అని తేజస్వితో చెప్పారు. సాయంత్రం ఆటో ఎక్కాక ఆ నవ్వు సగం దారిలో ఆగిపోయింది.

రెండు వేళ్ళు కంటి దగ్గరికి పోతే టీ.

గతుకులకి కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. సర్దుకోవడానికి ధైర్యం చాలలేదు. అట్లాగే ముక్కు కొసన పెట్టుకుని నరసరావుపేట దాకా వచ్చి, సందు మలుపులో ఎవరూ లేకుండా చూసి గబుక్కున సరిచేసుకున్నారు. జైనాబ్ బీ గుమ్మంలోనే కూర్చుని ఉంది. మాస్టారు దగ్గరికెళ్ళి గొంతు పెంచారు.

"జైనాబక్కా, మీరు చేసింది నకరికల్లు రోడ్డు మిల్లులోనా?"

"మరి యాడనుకున్నారు? ఇమాం సాహెబ్ నా మరిదేగా."

"అయితే రోజూ పొద్దున నాకు టీ..."

"అడుగుతారు గదా సారూ." ఆమె మామూలుగా అంది. "కరుణమ్మ పోయినాక, పాపం నోరు తెరిచి అడగటానికి మొగమాటమేమో, చేత్తో అడుగుతన్నాడు అనుకున్నా. టీ నీళ్ళకాడ లేదంటామా? ఒక్కోసారి ఫోన్లో మాట్లాడతా నిప్పు నిప్పు అంటారు. మొదటిసారి మేకపిల్లని చంకనేసుకుని వీధిలోకి ఉరికా. తర్వాత్తర్వాత అది మాత్రం పట్టించుకోలా."

ఏడాదిగా అడగకుండా దొరికిందనుకున్న దయ. ఏడాదిగా ఆయనే రోజూ అడుగుతున్నారట. నేనెప్పుడూ అడగలేదక్కా అని చెప్పడం న్యాయం. పొద్దున్నుంచీ న్యాయంగా ఉండడానికి ఆయన చాలా కష్టపడ్డారు కూడా. "నేనెప్పుడూ..." అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి, మాట మార్చారు.

"నేనెప్పుడూ మీకు థాంక్స్ చెప్పలేదక్కా."

"టీకి థాంక్సేంది" అని ఆమె లేచి చీర దులుపుకుంది.

మాస్టారు పొద్దుటి పెసరట్టు సగం వేడిచేసుకుని, పచ్చడితో తిన్నారు. ఈసారి దిగింది. వీధి తలుపు మూయబోతూ ఆగారు. ఎదురింటి గుమ్మంలో జైనాబ్ బీ కూడా తలుపు వెయ్యబోతోంది. మాస్టారు వీధిదీపం వెలుగు ముఖాన పడేట్టు ఒక అడుగు ముందుకేసి, రెండు వేళ్ళతో కళ్ళజోడు పైకి జరిపారు. ఆమె నవ్వి, అరచెయ్యి చెంప కింద పెట్టి తల వాల్చి చూపించింది. పడుకోండి, పొద్దున చూద్దాం అని. ఆ సైగ ఎవరూ నేర్పకుండానే ఆయనకు అర్థమైంది. చప్పుడు కాకుండా తలుపు మూసి గడియ పెట్టుకున్నారు.

కళ్ళజోడు అప్పటికే సరిగ్గా ఉంది.